బుల్లితెర మేధావి – బడిలోని బిడ్డ

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదేళ్లు నిండిన తెలుగు బడి పండుగలో టెలివిజన్ నాటకాల ప్రసక్తి ఏమిటని కొందరికి సందేహం కలగవచ్చు. సందేహం సహజమే. అయితే ఈ బడిలో చదివే బిడ్డ కొన్ని గంటలు గురువుల ఎదుట కూర్చుంటే, మరికొన్ని గంటలు బుల్లితెర ఎదుట కూర్చుంటున్నాడు. తెలివైనవాడు ఎలా ఉంటాడన్న ప్రశ్నకు బడి ఒక సమాధానం చెబుతున్నది. తెర మరొక సమాధానం చెబుతున్నది. రెండవది రంగుల హంగుతో, సంగీతంతో వచ్చేది కనుక త్వరగా మనసుకెక్కుతుంది. దానినే కొలబద్దగా తీసుకొని తల్లిదండ్రులు తమ బిడ్డను కొలవడం మొదలుపెడితే కలిగే నష్టం చిన్నది కాదు. ఆ నష్టమే ఈ ప్రసంగానికి విషయం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని తెలుగువారి సామెత. ఆ మాట అబద్ధం కాదు. కానీ పువ్వుకు ముందు మొక్క ఉన్నది, మొక్క చుట్టూ పాదు ఉన్నది, ఆ పాదుకు నీరు పోసిన చేయి ఉన్నది. బుల్లితెర మేధావి కథలో తరచుగా పువ్వు మాత్రమే కనిపిస్తుంది. పాదు కనిపించదు, నీరు పోసిన చేయి అసలే కనిపించదు.

తెర మీది మేధావులలో ఒక పెద్ద వంశం ఉన్నది. దాని మూలపురుషుడు షెర్లాక్ హోమ్స్. 1887లో ఆర్థర్ కానన్ డాయల్ సృష్టించిన ఆ పాత్రకు ప్రేరణ ఎడిన్‌బరోలో ఆయనకు వైద్యవిద్య గరపిన జోసెఫ్ బెల్ అనే అధ్యాపకుడు. రోగి నడకను, చేతులను, దుస్తులను చూచి అతని వృత్తిని, వ్యాధిని ఊహించే పద్ధతిని బెల్ తన విద్యార్థులకు నేర్పేవాడు. అంటే హోమ్స్ ప్రజ్ఞకు మూలం ఒక తరగతి గది. ఆ వంశవృక్షం పెరిగి 2004లో అమెరికన్ టెలివిజన్‌లో ‘హౌస్’ అనే ధారావాహికగా తిరిగి ఆసుపత్రికే చేరుకున్నది. 2012 వరకు నడిచిన ఆ నాటకంలో వైద్యుడు హౌస్ ఎవరికీ అంతుపట్టని రోగాన్ని కనిపెడతాడు. రోగులను అవమానిస్తాడు, శిష్యులను హేళన చేస్తాడు, నొప్పి మాత్రలకు బానిసగా బ్రతుకుతాడు. 2010 నుంచి 2017 వరకు బి.బి.సి. ప్రసారం చేసిన ‘షెర్లాక్’లో సైతం తెలివి ఎంత పదునుగా ఉంటే మాట అంత పరుషంగా ఉంటుంది. విద్యార్థులకు చూడటం నేర్పిన గురువు కనుమరుగై, ఎవరినీ లక్ష్యపెట్టని ఒంటరి మనిషి మిగిలాడు.

ఇదే వంశపు కొమ్మ ఒకటి భారతదేశంలోనూ పూచింది. 1985లో దూరదర్శన్‌లో క్యారెట్ నములుతూ నేరాలను ఛేదించిన కరంచంద్‌ను పెద్దలు మరచిపోయి ఉండరు. అయితే 1993లో బాసు చటర్జీ దర్శకత్వంలో వచ్చిన ‘బ్యోమకేశ్ బక్షీ’ వేరొక దారి చూపింది. శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన ఆ సత్యాన్వేషి గృహస్థు. మిత్రునితో కబుర్లు చెబుతాడు, భార్యతో సంసారం చేస్తాడు, ఎదుటివారి మాట ఓపికగా వింటాడు. అయినా అతని తెలివికి లోటు లేదు, కథకు రక్తి తగ్గలేదు. కనుక మేధావిని మర్యాదస్థునిగా చూపితే నాటకం పండదనే వాదం నిలవదు.

ఇక హాస్యనాటకాల మేధావి సంగతి. 2007 నుంచి 2019 వరకు 279 భాగాలుగా సాగిన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో షెల్డన్ కూపర్ భౌతికశాస్త్రవేత్త. ఆ నాటకానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ విభాగంలోని భౌతికశాస్త్రాచార్యుడు డేవిడ్ సాల్ట్జ్‌బర్గ్ సలహాదారు. వెనుక పలక మీద కనిపించే సమీకరణాలు తప్పు లేకుండా ఉండేలా ఆయన శ్రద్ధ వహించాడు. గమనించదగిన విషయం ఇదే: పలక మీది సమీకరణంలో తప్పు దొర్లకూడదని అంత జాగ్రత్త పడినవారు, పలక ముందు నిలబడిన మనిషి విషయంలో అంత జాగ్రత్త పడలేదు. ఇతరుల మనసు తెలియకపోవడం, కూర్చునే చోటు మారితే కలవరపడటం, తనకంటె ఎవరూ గొప్పవారు కారనుకోవడం – ఇవన్నీ ప్రజ్ఞకు లక్షణాలైనట్లు ప్రేక్షకుడు నవ్వుతూ నేర్చుకున్నాడు.

వైద్యరంగపు మరొక నాటకం ‘ది గుడ్ డాక్టర్’. 2013లో కొరియాలో వచ్చిన నాటకం ఆధారంగా 2017 నుంచి 2024 వరకు అమెరికాలో ప్రసారమైనది. ఆటిజం ఉన్న యువ శస్త్రవైద్యుడు అందులో కథానాయకుడు. అతనికి అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉంటుంది. ఆటిజం ఉన్నవారిని ఆదరంతో చూడమని చెప్పడం ఆ నాటకం చేసిన మేలు. కానీ ఆటిజం ఉన్నవారిలో అటువంటి అద్భుతశక్తి కలవారు తక్కువ. ఎక్కువమందికి అది ఉండదు. తెర చూచి వచ్చిన బంధువు, ఆటిజం ఉన్న బిడ్డ తల్లితో, “మీవాడికి ఏ విద్య వచ్చునమ్మా?” అని అడిగితే ఆమె గుండె ఎంత కలుక్కుమంటుందో ఊహించవచ్చు. ఏ అద్భుతమూ చేయని బిడ్డకు ఆదరం పొందే హక్కు లేదా?

నాటకకర్తలు ఇలా ఎందుకు వ్రాస్తారు? వారికి మేధావుల పట్ల ద్వేషం ఉన్నదని అనుకోనక్కరలేదు. ఆలోచనను కెమెరా చిత్రించలేదన్నది అసలు చిక్కు. ఒక మనిషి ఆరు నెలలు ఒక లెక్కతో కుస్తీ పట్టి, నూరు కాగితాలు చించి పారవేసి, నూటొకటవ కాగితం మీద దారి కనుక్కుంటే, అది ముప్పావు గంట నాటకంలో ఇమడదు. అందువల్ల ఆలోచనకు బదులు దాని గుర్తులు చూపుతారు: వేగంగా మాట్లాడటం, గాలిలో తేలే అంకెలు, చెదరిన జుట్టు, నిద్ర లేని కళ్లు, కటువైన మాట. వేషం చూచి పాత్రను గుర్తించే యక్షగాన ప్రేక్షకుని వలె, ఈ గుర్తులు చూచి ప్రేక్షకుడు మేధావిని గుర్తిస్తాడు. యక్షగానం చూచినవాడు కిరీటం వేషమని ఎరుగును. ఇక్కడ వేషమే మనిషి అనుకోవడంతో చిక్కు వచ్చింది.

నిజజీవితం ఏమి చెబుతున్నది? 1921లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు లూయీ టెర్మన్ తెలివి పరీక్షలలో అత్యధిక మార్కులు తెచ్చుకున్న సుమారు 1,500 మంది కాలిఫోర్నియా బాలబాలికలను ఎంపిక చేసి, వారి జీవితాలను దశాబ్దాల తరబడి పరిశీలించే కార్యం ఆరంభించాడు. తెలివిగల పిల్లలు బలహీనులు, వికారులు, స్నేహం తెలియనివారు అన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. టెర్మన్ చూచిన పిల్లలు మొత్తం మీద ఆరోగ్యంలోను, కలుపుగోలుతనంలోను సాటిపిల్లలకు తీసిపోలేదు. బుల్లితెర ఇంకా పట్టుకొని వేలాడుతున్న బొమ్మకు దాదాపు నూరేళ్ల కిందటే సమాధానం వచ్చింది.

అయితే ఆ పరిశీలనకూ ఒక లోపం ఉన్నది. తెలుగు బడికి అది మరింత ముఖ్యమైన పాఠం. పరీక్షకు పంపవలసిన పిల్లలను ఎక్కువగా ఉపాధ్యాయులే సూచించారు. పరీక్ష అధికభాగం ఇంగ్లీషు మాటల మీద ఆధారపడినది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు, పేదవారి పిల్లలకు ఆ జాబితాలో చోటు దొరకడం కష్టమయింది. ఆ పరీక్షలో నెగ్గక వెనుదిరిగిన బాలురలో ఇద్దరు విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్. షాక్లీకి 1956లోను, అల్వారెజ్‌కు 1968లోను భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. జల్లెడ పట్టినవారు మంచివారే. జల్లెడ కన్నులే వారికి కావలసిన గింజలను జారవిడిచాయి.

బుల్లితెర జల్లెడలో జారిపోయేవారిలో ఆడపిల్లలు ముందు ఉంటారు. హోమ్స్ మొదలు షెల్డన్ వరకు పైన చెప్పిన పేర్లన్నీ పురుషులవే. అమెరికాలో లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రీ సింపియన్ అనే పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అయిదేళ్ల వయస్సులో ఆడపిల్లలూ మగపిల్లలూ తమ తమవారినే చాలా తెలివైనవారని సమానంగా అనుకుంటారు. ఆరేడేళ్లు వచ్చేసరికి ఆడపిల్లలలో ఆ నమ్మకం తగ్గిపోతుంది. అది సరిగ్గా ఒకటవ, రెండవ తరగతి వయస్సు.

ఈ లోటు తీర్చే విధంగా 2020లో ‘ది క్వీన్స్ గాంబిట్’ అనే ఏడు భాగాల నాటకం వచ్చింది. అనాథ బాలిక బెత్ చదరంగంలో ప్రపంచస్థాయికి ఎదిగే కథ అది. వాల్టర్ టెవిస్ 1983లో వ్రాసిన నవల దానికి ఆధారం. మత్తుమాత్రలు, మద్యం, ఒంటరితనం ఇక్కడా తప్పలేదు. అయినా అనాథాశ్రమంలో ఊడ్చే మనిషి ఆమెకు ఆట నేర్పడం, చివరకు మిత్రులందరూ కలసి ఎత్తులు ఆలోచించి సహాయపడటం ఆ నాటకంలోని మంచి ఘట్టాలు. కానీ కల్పిత నాయికను ఆకాశానికెత్తే ఆత్రంలో నాటకం ఒక నిజమైన స్త్రీకి అన్యాయం చేసింది. జార్జియా దేశస్థురాలు నోనా గాప్రిందాష్విలి 1962 నుంచి 1978 వరకు మహిళల ప్రపంచ విజేత. 1978లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందిన మొట్టమొదటి మహిళ. ఆమె రష్యన్ గ్రాండ్‌మాస్టర్లతో అనేకమార్లు ఆడినదని మూలనవలలో ఉండగా, నాటకం ఆ మాటను తలకిందులు చేసి, ఆమె ఎన్నడూ పురుషులను ఎదుర్కొనలేదని చెప్పించింది. ఎనభై ఏళ్ల వయస్సులో 2021లో ఆమె అమెరికా న్యాయస్థానంలో దావా వేసింది. 2022లో ఉభయులు రాజీపడ్డారు. ఒక్క మేధావి వెలగడానికి తక్కిన దీపాలన్నీ ఆర్పివేయాలనే భ్రమకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

చదరంగంలో తెలుగువారికి ఈ కథ సొంత కళ్లతో చూచినదే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయినది. ఆనాటికి ఆ బిరుదు పొందిన మహిళలందరిలో అతిపిన్న వయస్కురాలు. తండ్రి అశోక్ ఆమెకు తొలి గురువు. వివాహమై, తల్లి అయిన తరువాత 2019లోను, 2024లోను ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఈ కథలో మత్తుమాత్రలు లేవు. సాధన ఉన్నది, కుటుంబం ఉన్నది, ఓటమి నుంచి తేరుకున్న ఓర్పు ఉన్నది.

అటువంటిదే, ఇంకా దీర్ఘమైన కథ కర్ణాటకలోని తెలుగువారికి మరింత సన్నిహితమైనది. పాత బళ్లారి జిల్లా హడగలిలో 1920 సెప్టెంబరు 10న ఒక తెలుగు కుటుంబంలో ఎనిమిదవ సంతానంగా కల్యంపూడి రాధాకృష్ణారావు జన్మించాడు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం – ఇలా బదిలీల వెంట చదువు సాగింది. ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది దొరకక, 1941లో భారత గణాంకశాస్త్ర సంస్థలో శిక్షణకు చేరాడు. కొంతకాలానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, పెద్ద సంఖ్యలకు చెప్పిన ఈ ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అని ప్రశ్నించాడు. అధ్యాపకునికి సమాధానం తెలియదు. కానీ కసురుకొనలేదు, ప్రశ్నను దాటవేయలేదు. ఆ రాత్రంతా కూర్చొని సాధించి, మరునాడు తరగతిలో నిరూపించాడు. 1945లో అచ్చయిన వ్యాసంలో భాగమైన ఆ ఫలితమే నేడు ప్రపంచమంతటా క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధం. ఆ వ్యాసానికే 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానం లభించింది. అదే ఏడు ఆగస్టులో, నూట రెండేళ్లు నిండిన వయస్సులో ఆ మహనీయుడు కన్నుమూశాడు.

ఆయన తన గ్రంథమొకటి తల్లి లక్ష్మీకాంతమ్మకు అంకితమిచ్చాడు. చిన్ననాట ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకు తనను నిద్రలేపి, చదువుకొనడానికి నూనెదీపం వెలిగించి పెట్టినది ఆమె అని అందులో స్మరించుకున్నాడు. ఇంటినిండా పిల్లలున్న గృహిణి, పొయ్యి రాజేయకముందే ఒక దీపం వెలిగించింది. ఏ ధారావాహికలోనూ ఈ దృశ్యం కనిపించదు. గణాంకశాస్త్రపు ఆ అసమానతకు ఒక వైపు ఆ దీపం, మరొక వైపు విద్యార్థి ప్రశ్న ఉన్నాయి.

శ్రీనివాస రామానుజన్ ఏ గురువూ లేకుండానే వెలిగాడు కదా అని కొందరు వాదించవచ్చు. ఆయన ప్రతిభ అసాధారణమన్నది నిర్వివాదం. కానీ కళాశాల పరీక్షలలో తప్పి, దిక్కుతోచక తిరుగుతున్న ఆ యువకునికి నెల నెలా 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నది నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్నప్పుడు వెన్నుతట్టినది పై అధికారి నారాయణ అయ్యర్. 1913లో వచ్చిన ఉత్తరాన్ని పారవేయక, రెండవసారి చదివి, విలువ గ్రహించినది కేంబ్రిడ్జిలో హార్డీ. ఈ చేతులలో ఏ ఒక్కటి వెనుదీసినా ఆ నోటు పుస్తకాలు ఏమయ్యేవో!

మేధావి ఎలా మెలగాలన్న విషయంలో తెలుగు సంస్కృతి దగ్గర ఒక చక్కని నమూనా ఉన్నది. అది అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఆ విద్యలో ప్రతిభావంతుడు ఒంటరిగా ఉండడు. అష్టావధానమైతే చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు గంటలు కొడతారు. అన్నింటికీ మించి, పద్యం నడుమ అడ్డుతగిలి అసందర్భపు మాటలతో విసిగించడానికే అప్రస్తుత ప్రసంగీకుడు ఒకడుంటాడు. అవధాని అతనికి నవ్వుతూ, నవ్విస్తూ బదులు చెప్పాలి. కోపం తెచ్చుకుంటే ఓడినట్లే. హౌస్ వంటి మేధావికి ప్రశ్న అడ్డంకి. అవధానికి ప్రశ్నే ఆహారం. తెలివిని, సహనాన్ని ఒకే వేదిక మీద పరీక్షించిన జాతి, తెలివికి అహంకారం అలంకారమని నమ్మవలసిన అవసరం లేదు.

ఇప్పుడు బడిలోని బిడ్డ దగ్గరకు రావాలి. తెర చూపే బొమ్మ వలన ముగ్గురు పిల్లలు నష్టపోతారు. మొదటివాడు తెలివైనవాడని పేరుపడ్డ బిడ్డ. వాడి పెంకితనాన్ని ఇంట్లో క్షమిస్తారు, అమ్మమ్మను కసిరినా, “చురుకైనవాడు కదా!” అని సర్దుకుంటారు. తెలివి పుట్టుకతో వచ్చిన ఆస్తి అని నమ్మిన ఆ బిడ్డ, తప్పు చేస్తే ఆస్తి పోతుందని భయపడతాడు. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ప్రకటించిన పరిశోధనలో, ‘తెలివైనవాడివి’ అని మెచ్చుకున్న అయిదవ తరగతి పిల్లలు కష్టమైన లెక్క ఎదురుకాగానే డీలాపడ్డారు. ‘బాగా శ్రమించావు’ అని మెచ్చుకున్నవారు నిలదొక్కుకున్నారు. శ్రమతో తెలివి పెరుగుతుందని బోధించే కార్యక్రమాల ఫలితం తరువాతి విస్తృత పరిశీలనలలో అంత పెద్దగా కనిపించలేదన్నదీ నిజమే. అయినా మెప్పు మాటను ఆచితూచి వాడమనే హెచ్చరిక కొట్టిపారవేయదగినది కాదు.

రెండవ బిడ్డ ఆ తెలివైనవాడి తోబుట్టువు. 2017 నుంచి 2024 వరకు వచ్చిన ‘యంగ్ షెల్డన్’ను ఇక్కడ మెచ్చుకోవాలి. తొమ్మిదేళ్లకే ఉన్నత పాఠశాలలో చేరిన షెల్డన్ చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే, కవలగా పుట్టిన చెల్లెలు మిస్సీ తనను ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడటం ఆ నాటకం చూపింది. అన్నకు కొత్త పుస్తకాలు, చెల్లెలికి ఇంటి పని – ఇటువంటి ఇళ్లు ఈ పట్టణంలోనూ ఉంటే, తల్లిదండ్రులు ఆ ధారావాహికను చెల్లెలి వైపు నుంచి చూడాలి.

మూడవ బిడ్డ వెనుక బెంచీ మీద మౌనంగా కూర్చున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష, పోటీపరీక్షలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ మాటను వెదుక్కొనడానికి ఆ బిడ్డకు ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది. తెర మీది మేధావి ఆగకుండా మాట్లాడతాడు కనుక, ఆగి మాట్లాడే బిడ్డ మందబుద్ధి అని లోకం తీర్పు చెబుతుంది. టెర్మన్ జల్లెడలో జారిపోయిన గింజ ఈ బిడ్డే. ఆ బిడ్డ తన మాతృభాషలో నిస్సంకోచంగా ప్రశ్న అడగగల చోటు ఒకటి ఉండాలని డెబ్బయి ఐదేళ్ల కిందట కొందరు పెద్దలు తలచినందువల్లనే ఈ బడి వెలసింది.

నాటకాలు చూడవద్దనడం ఈ ప్రసంగపు అభిమతం కాదు. పిల్లల పక్కన కూర్చొని చూడటం మేలు. చూచిన తరువాత మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఈ మేధావికి మొదట నేర్పినది ఎవరు? ఇతడు తప్పు చేసినప్పుడు ఓర్చుకున్నది ఎవరు? ఇతడి తెలివి వలన మేలు పొందినది ఎవరు? ఈ మూడింటికి నాటకంలో సమాధానం దొరికితే అది మంచి నాటకం. దొరకకపోతే, ఆ సమాధానాన్ని ఇంట్లో పెద్దలే పూరించాలి.

పూర్వవిద్యార్థులలో నేడు వైద్యులు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు, వ్యాపారులు, రైతులు, గృహిణులు ఉన్నారు. తమను తెల్లవారుజామున లేపిన చేయి ఎవరిదో, తమ తప్పు లెక్కను ఓపికగా మళ్లీ చెప్పిన గొంతు ఎవరిదో ప్రతి ఒక్కరూ ఈ సాయంకాలం ఒక్కసారి తలచుకొని, ముందు వరుసలోని ఈ చిన్నారులకు ఆ కథ చెప్పి వెళ్లాలి. తెర చెప్పని కథ అదే. ఆ కథ వినని బిడ్డకు దీపం వెలిగించడం ఎలాగో తెలియదు.